అమెరికా నంబరుకు విజువల్ వాయిస్‌మెయిల్: అక్కడ ఫోన్ ఎత్తలేనివారికీ, ఇక్కడ హనుమకొండ నుంచి చేసేవారికీ

హనుమకొండలో రాత్రి భోజనాలు ముగించుకొని 9 గంటలకు ఫోన్ చేస్తే, డాలస్‌లో వేసవిలో ఉదయం 10:30, చలికాలంలో 9:30 అవుతుంది. ఆ వేళ పిల్లలు తరగతిలోనో ఆఫీసు మీటింగులోనో ఉంటారు కాబట్టి ఫోన్ కొన్నిసార్లు మోగి, ఆ తర్వాత వాయిస్‌మెయిల్‌కు, అంటే మన మాటలను రికార్డ్ చేసి దాచిపెట్టే సదుపాయానికి, వెళ్లిపోతుంది. మా పెద్దమ్మ కొడుకు అమెరికా వెళ్లిన కొత్తలో ఆమె ఇలాగే వరుసగా మూడు రోజులు ఫోన్ చేసి, నాలుగో రోజు మా ఇంటికి వచ్చి, "ఎవరో ఆడమనిషి ఎత్తి ఇంగ్లిష్‌ల ఏదో చెప్తున్నది, పిల్లగాని ఫోన్ ఎవరన్న గుంజుకున్నరా ఏంది" అని అడిగింది. ఆ మాట్లాడింది మనిషి కాదని, ఆ మాటలు అయిపోయాక 'బీప్' మని మోగిన తర్వాత మనం చెప్పదలచుకున్నది చెప్పవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వాయిస్‌మెయిల్ ఎత్తగానే కాల్ కలిసినట్టే లెక్క కనుక, ఆ మూడు రోజులూ ఐఎస్‌డీ చార్జీ కూడా పడింది. మిస్డ్ కాల్ అయితే పైసా ఖర్చు ఉండేది కాదు.

వాట్సాప్‌లో కాల్ చేసేవారికి ఈ ఇబ్బంది రాదు, ఎందుకంటే వాట్సాప్ కాల్ సిమ్ కంపెనీ వాయిస్‌మెయిల్‌కు వెళ్లదు. కానీ అమెరికాలో ఉన్న పిల్లలకు యూనివర్సిటీ కార్యాలయం, ఆసుపత్రి, అద్దె ఇంటి యజమాని, ఉద్యోగానికి పిలిచేవారు చేసేది మామూలు కాలే. పిల్లలు ఫోన్ ఎత్తకపోతే అలాంటివారు మళ్లీ మళ్లీ చేయరు. ఒక సందేశం వదిలి, తిరిగి ఫోన్ చేస్తారని ఎదురుచూస్తారు. మిస్డ్ కాల్ చూసుకొని తిరిగి చేయడం మన అలవాటు. అక్కడ సందేశం వినకుండా తిరిగి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న "నా వాయిస్‌మెయిల్ విన్నారా" అనే. అందుకే విమానం దిగి కొత్త సిమ్ వేసుకున్న మొదటి వారంలోనే చేసుకోవలసిన పనుల్లో వాయిస్‌మెయిల్ సెటప్ ఒకటి.

సందేశం ఉండేది ఫోన్‌లో కాదు

పాత పద్ధతి వాయిస్‌మెయిల్‌లో ఒక నంబరుకు ఫోన్ చేసి, పిన్ నొక్కి, సందేశాలను వచ్చిన వరుసలోనే వినవలసి వచ్చేది. అయిదో సందేశం కావాలంటే ముందున్న నాలుగింటినీ దాటుకుంటూ పోవాలి. విజువల్ వాయిస్‌మెయిల్‌లో అవే సందేశాలు ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎన్ని సెకన్లు మాట్లాడారు అనే వివరాలతో తెర మీద జాబితాగా కనిపిస్తాయి. ఏది కావాలంటే అది నొక్కి వినవచ్చు, తుడిచివేయవచ్చు, ఇంకొకరికి పంపవచ్చు. దీనిని చాలామంది మొదటిసారి చూసింది 2007 జనవరి 9న, స్టీవ్ జాబ్స్ తొలి ఐఫోన్‌ను ప్రదర్శించినప్పుడు. ఆండ్రాయిడ్‌లో 2015 నాటి 6.0 వెర్షన్ నుంచి ఫోన్ యాప్‌లోనే ఇందుకు ఏర్పాటు వచ్చింది.

సెట్టింగ్స్‌లోకి వెళ్లే ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే తర్వాత వచ్చే చిక్కులన్నీ ఇక్కడి నుంచే పుడతాయి. మీరు ఫోన్ ఎత్తకపోతే, సిమ్ కంపెనీ ఆ కాల్‌ను తన వాయిస్‌మెయిల్ నంబరుకు మళ్లిస్తుంది. సందేశం ఆ కంపెనీ సర్వర్‌లో రికార్డ్ అవుతుంది. అప్పుడు ఆ సర్వర్ మీ ఫోన్‌కు, మీకు కనిపించని ఒక ఎస్సెమ్మెస్ పంపి కొత్త సందేశం వచ్చిందని చెబుతుంది. ఫోన్ సాధారణంగా ఈమెయిల్ తెచ్చుకునే ఐమ్యాప్ పద్ధతిలోనే ఆ ఆడియోను డేటా ద్వారా దించుకుంటుంది. అంటే పోస్టాఫీసులో ఉన్న పెట్టెలోని ఉత్తరాలను ఫోన్ మీకోసం తెచ్చి చూపిస్తున్నదన్నమాట. పోస్టాఫీసు ఆ పెట్టె ఇవ్వకపోతే ఫోన్ ఎంత ఖరీదైనదైనా చేయగలిగింది లేదు.

వరంగల్‌లో మనం వాడే మామూలు ప్రీపెయిడ్ సిమ్‌లలో ఈ పెట్టె సాధారణంగా ఉండదు. ఐఫోన్‌లో వాయిస్‌మెయిల్ అనే మాట కనిపిస్తున్నది కదా అని నొక్కి, అది పనిచేయక, ఫోన్ చెడిపోయిందని రిపేరు దుకాణానికి తీసుకువెళ్లినవారిని నేను చూశాను. ఫోన్ బాగానే ఉంటుంది. ఇక్కడి నంబర్ల మధ్య అవసరానికి వాట్సాప్ వాయిస్ మెసేజ్ చాలు. ఇకపై చెప్పేదంతా అమెరికా సిమ్ గురించే.

ఐఫోన్‌లో

మొదట వైఫై ఆపి, మొబైల్ డేటా ఆన్ చేయండి. కొన్ని కంపెనీల వాయిస్‌మెయిల్ సర్వర్ వాటి సొంత నెట్‌వర్క్‌కు మాత్రమే తలుపు తీస్తుంది కాబట్టి, అపార్ట్‌మెంట్ వైఫై మీద ప్రయత్నిస్తే అది తిరుగుతూనే ఉంటుంది. ఫోన్ యాప్ తెరిచి కింద కుడివైపున ఉన్న వాయిస్‌మెయిల్‌ను నొక్కితే, మొదటిసారి 'సెటప్ నౌ' అనే బటన్ కనిపిస్తుంది. దాన్ని నొక్కితే పాస్‌వర్డ్‌గా వాడే అంకెలను పెట్టమని అడిగి, మరోసారి నొక్కించుకుంటుంది. తర్వాత గ్రీటింగ్, అంటే మీరు ఎత్తనప్పుడు ఫోన్ చేసినవారికి బీప్‌కు ముందు వినిపించే మాటలు, అడుగుతుంది. డీఫాల్ట్ ఎంచుకుంటే కంపెనీ సొంత మాటలు వినిపిస్తాయి. కస్టమ్ ఎంచుకుంటే మీ గొంతుతో రికార్డ్ చేసి సేవ్ చేయవచ్చు. ఐఓఎస్ 26లో ఫోన్ యాప్‌ను కొత్త 'యూనిఫైడ్' అమరికలోకి మార్చుకున్నవారికి వాయిస్‌మెయిల్ కింద కనిపించదు. పైన ఉన్న ఫిల్టర్ గుర్తును నొక్కితే దొరుకుతుంది. సెటప్ బటన్‌కు బదులు వాయిస్‌మెయిల్‌కు కాల్ చేయమని మాత్రమే కనిపిస్తే, మీ ప్లాన్‌లో విజువల్ సదుపాయం లేదనో, ఇంకా ఆన్ కాలేదనో అర్థం. తక్కువ ధర ప్రీపెయిడ్ ప్లాన్ తీసుకున్నవారికి ఇది ఎక్కువగా ఎదురవుతుంది. సిమ్ కంపెనీ కస్టమర్ కేర్ నంబరు 611కు ఫోన్ చేసి, మీ ఫోన్ మోడల్ పేరు చెప్పి, విజువల్ వాయిస్‌మెయిల్‌ను ఆన్ చేయమని అడగండి.

2023లో వచ్చిన ఐఓఎస్ 17 నుంచి ఐఫోన్‌లో 'లైవ్ వాయిస్‌మెయిల్' కూడా ఉంది. అవతలివారు సందేశం చెబుతుండగానే అది అక్షరాల్లో తెర మీదకు వస్తుంది, కావాలనుకుంటే మధ్యలోనే ఫోన్ ఎత్తవచ్చు. దీనిలో కాల్‌ను అందుకునేది సిమ్ కంపెనీ కాదు, మీ ఫోనే. ఫోన్ ఆఫ్‌లో ఉన్నా, సిగ్నల్ లేకపోయినా కాల్ మళ్లీ పాత దారిలో కంపెనీ పెట్టెకే వెళ్తుంది కనుక, లైవ్ వాయిస్‌మెయిల్ ఉందని అసలు సెటప్ మానేయకూడదు.

ఆండ్రాయిడ్‌లో

ఇక్కడ ఒకే దారి లేదు. గూగుల్ ఫోన్ యాప్ ఉన్న పిక్సెల్ వంటి ఫోన్లలో మూడు చుక్కల మెనూ నుంచి సెట్టింగ్స్‌కు, అక్కడి నుంచి వాయిస్‌మెయిల్‌కు వెళ్లి విజువల్ వాయిస్‌మెయిల్ స్విచ్‌ను ఆన్ చేయాలి. శామ్‌సంగ్ ఫోన్ అమెరికాలో కొన్నదైతే విజువల్ వాయిస్‌మెయిల్ యాప్ ముందుగానే ఉండవచ్చు. హనుమకొండ చౌరస్తాలో కొని తీసుకువెళ్లిన ఫోన్ అయితే అది కనిపించకపోవచ్చు, ఎందుకంటే మన దేశం కోసం తయారైన సాఫ్ట్‌వేర్‌లో దాని అవసరం లేదు. అప్పుడు సిమ్ కంపెనీ సొంత యాప్ ఉందేమో ప్లే స్టోర్‌లో చూడాలి. అదీ పనిచేయకపోతే పాత పద్ధతి ఎలాగూ ఉంటుంది: డయల్ ప్యాడ్‌లో 1ని కాసేపు నొక్కి పట్టుకుంటే వాయిస్‌మెయిల్‌కు కాల్ వెళ్తుంది. అమెరికా సిమ్ కంపెనీల్లో టీ మొబైల్ అయితే 123కు, వెరైజన్ అయితే *86కు నేరుగా కూడా ఫోన్ చేయవచ్చు. నన్నడిగితే విజువల్ సదుపాయం దొరికినా సరే, ఈ నంబరుకు ఒకసారి ఫోన్ చేసి పెట్టెను తెరుచుకోవడమే మంచిది, ఎందుకంటే కొన్ని కంపెనీల్లో అలా మొదటిసారి తెరిచేదాకా జాబితా ఖాళీగానే ఉంటుంది.

పిన్ విషయంలో అలసత్వం వద్దు. ఫోన్ నంబరులోని చివరి నాలుగు అంకెలు, 1234, పుట్టిన సంవత్సరం పెట్టకండి. బ్రిటన్‌లో న్యూస్ ఆఫ్ ద వరల్డ్ పత్రిక 2011లో మూతపడింది ఇతరుల వాయిస్‌మెయిల్‌లోకి చొరబడిన వ్యవహారం బయటపడ్డాకే. ఆ చొరబాట్లకు ఒక ముఖ్య కారణం ఎవరూ మార్చని డీఫాల్ట్ పిన్‌లు. ఈ రోజుల్లో ప్రమాదం ఇంకో రకంగా ఉంది. కొన్ని సేవలు ఓటీపీని కాల్ చేసి చదివి వినిపిస్తాయి, మీరు నిద్రలో ఉంటే ఆ ఓటీపీ వాయిస్‌మెయిల్‌లో రికార్డ్ అవుతుంది, పిన్ ఊహించగలిగినవాడికి అది చేతికి అందుతుంది.

ఇక్కడివారికి ఒక హెచ్చరిక కూడా. కాల్ మళ్లింపునే ఆయుధంగా చేసుకొని మన దేశంలో చాలా మోసాలు జరిగాయి. సిమ్ కంపెనీ నుంచి మాట్లాడుతున్నామని చెప్పి *401* తో మొదలయ్యే కోడ్ నొక్కిస్తారు, ఆ తర్వాత మీ కాల్స్ అన్నీ వారికే పోతాయి. అందుకే టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి యూఎస్ఎస్‌డీ కోడ్‌తో, అంటే ఇలా *, # గుర్తులతో నొక్కే కోడ్‌తో, చేసే కాల్ ఫార్వార్డింగ్‌ను నిలిపివేయించింది. అయినా, వాయిస్‌మెయిల్ ఆన్ చేస్తామంటూ ఎవరైనా ఫోన్ చేసి ఏ కోడ్ చెప్పినా నొక్కవద్దు. మీ కాల్స్ అన్నీ ఎటైనా మళ్లుతున్నాయా అని చూసుకోవడానికి *#21# నొక్కితే సరిపోతుంది. అది చూపిస్తుందే తప్ప ఏదీ మార్చదు.

రెండు సిమ్‌లు, సెలవుల ప్రయాణం

చాలామంది పిల్లలు బ్యాంకు ఓటీపీల కోసం మన నంబరును కూడా అదే ఫోన్‌లో ఉంచుకుంటారు. వాయిస్‌మెయిల్ నంబరుకు చెందినది, ఫోన్‌కు కాదు. కాబట్టి వరంగల్ నంబరుకు చేసిన కాల్ ఎత్తకపోతే జాబితాలో ఏమీ చేరదు, అమెరికా నంబరుకు చేసిందే చేరుతుంది. సందేశాలు ఆలస్యంగా వస్తుంటే మొబైల్ డేటాకు అమెరికా సిమ్‌నే ఎంచుకున్నారా అని ముందు చూడాలి. ఇంటర్నెట్‌ను వేరే సర్వర్ మీదుగా మళ్లించే వీపీఎన్ యాప్ ఉంటే ఆపి చూడాలి. మళ్లింపులను గజిబిజిగా మార్చిన గుర్తు ఉంటే జాగ్రత్త, ##002# నొక్కితే మళ్లింపులన్నీ రద్దవుతాయి, వాయిస్‌మెయిల్‌కు వెళ్లే దారి కూడా వాటిలో ఒకటే.

సెలవులకు కాజీపేటలో రైలు దిగినప్పుడు అమెరికా సిమ్ రోమింగ్‌లో ఉంటే మరొక ఖర్చు పొంచి ఉంటుంది. ఫోన్ మోగి, మీరు ఎత్తక, కాల్ ఇక్కడి నెట్‌వర్క్ నుంచి తిరిగి అమెరికా వాయిస్‌మెయిల్‌కు మళ్లితే, కొన్ని ప్లాన్‌లలో రోమింగ్ చార్జీ పడుతుంది. ఆ ఫోన్ లైన్‌ను ఆపి ఉంచితే కాల్ మన దేశం దాకా రాకుండా అక్కడే వాయిస్‌మెయిల్‌కు వెళ్తుంది.

గ్రీటింగ్‌లో ఏం చెప్పాలి

నా అభిప్రాయంలో ఎక్కువ మంది తేలికగా తీసుకునేది, అసలు ఆలోచించవలసిందీ ఇదే. పేరు ఇంగ్లిష్‌లో స్పష్టంగా చెప్పి, సందేశం వదలమని ఒక వాక్యం చెప్పి, వెంటనే తెలుగులో "అమ్మా, నేను క్లాసులో ఉన్న, బీప్ వచ్చినంక మాట్లాడు" అని ఒక్క మాట చేర్చండి. మొత్తం 15 సెకన్లకు మించకూడదు. తెలుగు మాట విన్న తల్లి ఫోన్ పెట్టేయదు.

ఇక్కడి నుంచి చేసేవారు కూడా బీప్ తర్వాత ముందు చెప్పవలసినది తొందర పని ఉందా లేదా అనే. "కొడుకా, నేను అమ్మను. అందరం మంచిగనే ఉన్నం. తొందరేం లేదు, వీలైనప్పుడు ఫోన్ చెయ్యి" అంటే చాలు. ఊరి నుంచి వేళగాని వేళ వచ్చిన మిస్డ్ కాల్ చూసి అక్కడి పిల్లలు పడే కంగారు నాకు తెలుసు. తాతకు బాగాలేదేమో అన్న అనుమానంతో మీటింగు మధ్యలో లేచి బయటికి వచ్చినవారు మా ఇంట్లోనే ఉన్నారు. ఆసుపత్రి సంగతి అయితే ఎవరికి, ఎక్కడ, ఎప్పటి నుంచి అనేది మొదటి పది సెకన్లలో చెప్పాలి.

మాటలను అక్షరాల్లోకి మార్చే ట్రాన్స్‌క్రిప్షన్‌ను మాత్రం తెలుగు సందేశాల విషయంలో నమ్మకండి. ఇంగ్లిష్ కోసం పెట్టిన ట్రాన్స్‌క్రిప్షన్ మన మాటలను ఇంగ్లిష్ పదాలుగా ఊహించుకొని వింత వాక్యాలు రాస్తుంది. దాన్ని చదివి ఒక నిర్ణయానికి రావద్దు, ఆడియో వినండి. దాచుకోదగిన సందేశం వస్తే షేర్ గుర్తుతో ఆడియోను ఫోన్‌లోనో డ్రైవ్‌లోనో భద్రపరచుకోండి, ఎందుకంటే కంపెనీ సర్వర్‌లో సందేశాలకు గడువు ఉంటుంది, వేరే కంపెనీకి మారితే పాత పెట్టె మొత్తంగా పోతుంది.

అన్నీ అయ్యాక ఇంట్లోవారితో ఒక వేళ అనుకొని, వారిని మీ అమెరికా నంబరుకు మామూలు కాల్ చేయమనండి. ఫోన్ మోగుతుంటే ఎత్తకండి, కట్ కూడా చేయకండి. వారు బీప్ తర్వాత రెండు మాటలు చెప్పి పెట్టేసిన కొన్ని నిమిషాల్లో ఆ సందేశం జాబితాలో కనిపించాలి.