వాన మొదలైతే మెట్రో స్టేషన్ కింద ఆగకండి

హైదరాబాద్‌లో చినుకు పడితే చాలు, బైకులన్నీ మెట్రో స్టేషన్ల కింద చేరతాయి. ముందు ఎడమ పక్క లేన్ మూసుకుపోతుంది, కాసేపటికి రెండోదీ అంతే. వెనక అంబులెన్స్ మోగుతున్నా దారి ఇవ్వడానికి చోటుండదు. అద్దం నిండా నీళ్లతో వచ్చే బస్సు డ్రైవర్‌కు, చీకట్లో ముందు నిలబడ్డ మనిషి కనపడటమే కష్టం.

పైనుంచి కూడా ప్రమాదం ఉంది. 2019 సెప్టెంబర్‌లో వాన తగ్గేదాకా ఆగుదామని అమీర్‌పేట స్టేషన్ కింద నిలబడిన ఒక యువతి మీద పెచ్చు ఊడిపడి ఆమె చనిపోయింది. ఆమె చేసింది మనందరం రోజూ చేసేదే. అందుకే స్టేషన్ అంచు కింద, మెట్ల కింద, నీళ్లు కారుతున్న జాయింట్ల కింద ఒక్క నిమిషం కూడా నిలబడొద్దు. ఎక్కడైనా పెచ్చు ఉబ్బినట్టో పగుళ్లిచ్చినట్టో కనిపిస్తే ఫొటో తీసి పైన స్టేషన్ సిబ్బందికి చూపించండి.

మరి తలదాచుకునేది ఎక్కడ? పైన. మెట్లెక్కి కాన్‌కోర్స్‌లోకి, అంటే టికెట్ కౌంటర్లుండే హాల్లోకి వెళ్లండి. టికెట్ గేట్ల ఇవతలి దాకా టికెట్ లేకుండానే వెళ్లొచ్చు, రోడ్డు దాటడానికి కూడా అదే మంచి దారి. ఈ సంగతి తెలియక చాలామంది కిందే తడుస్తుంటారు. రైలు దిగినవాళ్లు మాత్రం గేటు దాటి బయటికొచ్చాకే ఆగండి. టికెట్‌కు సమయ పరిమితి ఉంటుంది, లోపలే ఎక్కువసేపు కూర్చుంటే అదనంగా కట్టాల్సి రావచ్చు.

బైక్ మీద వెళ్లేవాళ్లు సీజన్ అయ్యేదాకా రెయిన్‌కోటు బండిలోనే ఉంచుకోండి. ఆగక తప్పకపోతే రోడ్డు వదిలి, ఏ పెట్రోల్ బంకులోనో షాపు పార్కింగ్‌లోనో ఆగండి. ఇంకోటి, పిల్లర్ వెంట దిగే పైపు ఎక్కడైనా పగిలితే ఆ నీళ్లు ధారగా రోడ్డు మీద పడుతుంటాయి. అక్కడ సడన్‌గా బ్రేక్ వేస్తే బండి జారుతుంది.

దిగే ముందు పైనుంచి ఒకసారి రోడ్డు చూడండి. స్టేషన్‌కు రెండు వైపులా మెట్లుంటాయి కాబట్టి నీళ్లు తక్కువున్న వైపు దిగొచ్చు. అమీర్‌పేటలో మైత్రీవనం పక్క, మలక్‌పేటలో రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు నిలవడం ఏటా చూస్తున్నదే. మూసీ పొంగితే సంగతి వేరు. 2025 సెప్టెంబర్‌లో ఎంజీబీఎస్ బస్టాండులోకే వరద వచ్చింది. మూసారాంబాగ్ దగ్గర వంతెన దాటాల్సినవాళ్లు, దారి తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి.

మోకాలి లోతు నీళ్లుంటే దిగొద్దు, ఎంత ఆలస్యమైనా సరే. కింద మూతలేని మ్యాన్‌హోల్ ఉందో, నాలా ఉందో మనకు కనపడదు. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో ఇంటి నుంచి పాలకు బయల్దేరిన చిన్న పిల్ల అలా నాలాలో పడి చనిపోయింది. పిల్లలతో ఉంటే చెయ్యి వదలొద్దు. కరెంటు స్తంభాలు, డివైడర్ మీది లైట్లు, ప్రకటనల బోర్డులు ముట్టుకోవద్దు. తెగిన తీగ కనిపిస్తే దూరంగా ఉండి కరెంటు వాళ్ల నంబర్ 1912కి చెప్పండి.

ప్లాట్‌ఫాం మీద గొడుగు మూసి పట్టుకోండి, గాలికి ఎగిరితే పట్టాల మీద పడుతుంది. ఫోనో చెప్పో పడినా మీరు దిగొద్దు. పైన తీగల్లో 25 వేల వోల్టుల కరెంటు ఉంటుంది, రైలు కూడా ఏ నిమిషంలోనైనా రావచ్చు. సిబ్బందికి చెబితే వాళ్లే చూసుకుంటారు. తడి చెప్పులతో ఎస్కలేటర్ ఎక్కేటప్పుడు చున్నీ, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకోండి. పెద్దవాళ్లను లిఫ్టులో తీసుకెళ్లండి.

ఎవరికైనా దెబ్బ తగిలితే 112కి ఫోన్ చేసి, పక్కనున్న మెట్రో పిల్లర్ మీద రాసిన నంబర్ చదివి చెప్పండి. వాన హోరులో షాపు పేర్లు, సందుల గుర్తులు చెప్పేకంటే ఆ నంబర్‌తో త్వరగా చేరుకుంటారు.