గాలి సన్నగిల్లిన రోజున హుస్సేన్‌సాగర్‌లో పందెం

హుస్సేన్‌సాగర్‌లో జులై నెలంతా పడమటి గాలి దంచికొడుతుందనుకొని వచ్చేవాళ్లు కొందరుంటారు. ఒక జల్లు పడి వెలిసిందంటే ఒక్కోసారి గంటసేపు తెరచాప కదలనే కదలదు. అలాంటి పూట ‘ఇవాళ అంతా అదృష్టమే’ అనే మాట ఒడ్డున తప్పకుండా వినిపిస్తుంది. నేనైతే ఒప్పుకోను. అదృష్టమే అయితే, గాలి లేని ప్రతిసారీ ఆ నలుగురే ఎందుకు ముందుంటారు?

నేను చెప్పేది ఒక్కరే నడిపే ఇల్కా పడవ గురించి. 2019 వరకు దీని పేరు లేజర్. పాతవాళ్ల నోట ఇప్పటికీ అదే పేరు.

పందేనికి ముందే చుక్కానినీ, డాగర్‌బోర్డునూ (పడవ పక్కకు జారకుండా నడుమ నుంచి నీళ్లలోకి దించే పలక) చూసుకోండి. గుర్రపుడెక్క తీగో, ప్లాస్టిక్ కవరో చుట్టుకుంటే పెద్దగాలిలో పడవ ఎలాగో లాక్కుపోతుంది. చిన్నగాలిలో మాత్రం లంగరు వేసినట్టే. స్టార్ట్‌కు నాలుగు నిమిషాల సూచన రాకముందే డాగర్‌బోర్డు పైకి లాగి, తొంగి చూసి, చెత్త ఉంటే తీసేయాలి.

ఇక తెరచాప. గాలి తక్కువ కదా అని దానికి పెద్ద బొజ్జ పెడతారు. ఆరేడు నాట్ల (నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్ల వేగం) గాలికి అది సరే. మూడు నాట్లకు దిగితే, బలం లేని ఆ గాలి అంత వంపు వెంట సాగలేక మధ్యలోనే విడిపోతుంది. కాబట్టి అవుట్‌హాల్ (చాప కింది అంచును వెనక్కి లాగే తాడు) కొంచెం బిగించి చాపను చదును చేయండి. కన్నింగ్‌హామ్ (చాప ముందు అంచును కిందికి లాగే తాడు) పూర్తిగా వదిలేయండి, ముడతలు కనిపించినా ఫరవాలేదు. చాపను లోపలికి లాగే మెయిన్‌షీట్ తాడును గట్టిగా లాగకండి. పడవ మీది కప్పీకీ, బూమ్ (చాప అడుగున ఉండే అడ్డకర్ర) కప్పీకీ మధ్య మూరెడు ఎడం ఉండాలి.

అసలు సంగతి కూర్చోవడంలో ఉంది. కాక్‌పిట్‌లో, అంటే పడవలో కాళ్లు పెట్టుకునే గుంటలో, వీలైనంత ముందుకు జరగండి. వెనక నీళ్లు బుడబుడమంటున్నాయంటే ఇంకా జరగాలన్నమాట. గాలి పోయే వైపుకు పడవను కాస్త వాల్చండి. అప్పుడు చాప తన బరువుకే ఆకారం నిలుపుకుంటుంది, పడవ అడుగుకు నీటి రాపిడి తగ్గుతుంది. ఆ తర్వాత కదలకండి. అంచుదాకా పోసిన పాలగిన్నె ఒళ్లో ఉన్నట్టు కూర్చోవాలి. చుక్కానిని రెండు వేళ్లతో పట్టుకుంటే చాలు. గాలికి మరీ ఎదురుగా తిప్పారంటే ఆగిపోతారు, మళ్లీ వేగం అందుకోవడానికి చాలాసేపు పడుతుంది.

గాలి ఎక్కడుందో నీళ్లే చెబుతాయి. ముదురు రంగు మరకలా అలలు లేచిన చోటికి వెళ్లండి. చాపకు అతికించిన ఊలు పోగులు వేలాడుతుంటే చెంపకు తగిలే చల్లదనాన్ని నమ్ముకోండి. సంజీవయ్య పార్కులోని పెద్ద జెండాను మాత్రం నమ్మవద్దు. 291 అడుగుల స్తంభం మీద దానికి తగిలే గాలి వేరు, నీటి మట్టం దగ్గర మీకు అందే గాలి వేరు.

స్టార్ట్ వేళ, పందెం మొదలయ్యే లైన్‌కు రెండు పడవల దూరం దాటి వెనక్కి పోకండి. హారన్ మోగాక బయల్దేరదామంటే కుదరదు. లైన్‌కు ఈ చివరే మంచిదని అందరూ గుమిగూడిన చోటు కంటే, నడుమ ఖాళీ చోటే మేలు. ఇతరుల చాపలు చెడగొట్టిన గాలిలో ఇరుక్కుంటే కోలుకోవడం కష్టం.

టాక్ చేసేటప్పుడు, అంటే పడవ ముక్కును గాలికి అడ్డంగా దాటించి దిశ మార్చేటప్పుడు, పడవను ఒరిగించి, తిరిగి లేపవచ్చు. కానీ టాక్ చేయకపోతే ఉండే వేగం కంటే ఎక్కువ వేగంతో బయటపడకూడదు. మామూలుగా వెళ్తూ పడవను ఊపినా, మెయిన్‌షీట్‌ను పదేపదే లాగి చాపను విసనకర్రలా ఆడించినా తెరచాప పందేల 42వ నియమం కింద పసుపు జెండా చూపుతారు. మొదటిసారి పడవను ఉన్నచోటే గుండ్రంగా రెండు చుట్లు తిప్పాలి, రెండోసారి ఆ పందెం నుంచి తప్పుకోవాలి. ఇంత చిన్నగాలిలో రెండు చుట్లంటే, చివరి స్థానానికి మీరే దరఖాస్తు పెట్టుకున్నట్టు.

గాలివాలుకు, అంటే గాలి వీచే దిశలోనే, దిగేటప్పుడు పడవను ఈసారి గాలి వచ్చే వైపుకు వాల్చి, డాగర్‌బోర్డును పైకెత్తండి.

మార్క్ (పడవలు చుట్టి తిరగాల్సిన బోయా) దగ్గరికి వస్తూ, పందెం నడిపేవాళ్లుండే కమిటీ పడవ మీదా ఓ కన్నేయండి. నీలి చతురస్రం ఉన్న తెల్లజెండాతో రెండు హారన్లు వినిపించాయంటే కోర్సు కుదించినట్టే, అక్కడే ముగింపు. కోర్సు రెండో చుట్టులో దాటేద్దామని వెనక ఉండిపోయినవాళ్లకు ఆ రెండో చుట్టే ఉండదు.