షాపు పెట్టే గుణం మీలో ఉందా? బీఫార్మసీ చివరి ఏడాదిలో తేల్చుకోవడం ఎలా

ఫైనలియర్‌లో "సొంతంగా ఏదైనా పెడదాం" అనని బ్యాచ్ ఉండదు. ఆ మాటలో ఎంత గట్టిదనం ఉందో తేలాలంటే తెలిసినవాళ్ల మెడికల్ షాపులో రెండు నెలలు సాయంత్రం 6 నుంచి 10 దాకా కౌంటర్ దగ్గర నిలబడండి. రద్దీ అప్పుడే.

ఎవరూ చెప్పకముందే ఒక ర్యాక్ తీసుకోండి. మూడు నెలల్లో ఎక్స్‌పైరీ అయ్యే స్ట్రిప్పులు వేరు చేసి, ఏది ఏ డిస్ట్రిబ్యూటర్ బిల్లులో వచ్చిందో వెతికి, రిటర్న్‌కి రాయండి. కత్తిరించిన స్ట్రిప్పుల్ని చాలామంది వెనక్కి తీసుకోరు, ఆ నష్టం షాపుదే. ఈ పని రెండో వారానికే విసుగు పుట్టిస్తే వ్యాపారం మీకు పడదు. ఇంకో పరీక్ష: డాక్టర్ చీటీ లేకుండా ఆల్‌ప్రజోలం (ఆందోళన తగ్గించే మాత్ర, అలవాటు పడే ప్రమాదం ఉంది) అడిగే పాత కస్టమర్‌కి కుదరదని చెప్పి, రేపు మళ్లీ మన షాపుకే వచ్చేలా మాట్లాడగలరా? అది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే చీటీ మీదే అమ్మి, లెక్క రాసి ఉంచాల్సిన జాబితాలోది. డాక్టర్ పేరు, చిరునామా, పేషెంట్ పేరు, మందు, ఎన్ని ఇచ్చారు అన్నవి విడి రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి.

ఇక లెక్క. డీపీసీఓ 2013 (కేంద్రం మందుల ధరలకు పరిమితి పెట్టే ఉత్తర్వు) కింద ధర కట్టిన మందుల మీద రిటైలర్ మార్జిన్ 16 శాతం. అదీ కొన్న ధర మీద, ఎంఆర్‌పీ మీద చూస్తే 14 లోపే. మిగతా బ్రాండ్లకి 20 శాతం ఆనవాయితీ. సగటున 18 అని ఉదారంగానే వేసుకుందాం. రోజుకి 10,000 అమ్మితే 1,800, నెలకి 54,000. ఎదురు షాపువాడు 10 శాతం డిస్కౌంట్ బోర్డు పెట్టాడని మీరూ పెడితే మిగిలేది రోజుకి 800, నెలకి 24,000. అద్దె 12,000, కుర్రాడికి 10,000, కరెంటుకి 3,000 పోతే వెయ్యి ఎదురు పెట్టుకోవాలి. మీ జీతం ఇందులో లేనే లేదు. మీ ఊరి అంకెలతో ఈ లెక్క వేయకుండా షట్టర్‌కి అడ్వాన్సు ఇవ్వొద్దు.

గది కనీసం 10 చదరపు మీటర్లు, అంటే సుమారు 108 చదరపు అడుగులు ఉండాలి. గోడల లోపల టేపు పెట్టి మీరే కొలవండి, ఓనర్ చెప్పే కొలతలో గోడలూ మెట్లూ కలిసిపోతాయి. ఫారం 19లో దరఖాస్తు చేస్తే రిటైల్‌గా మందులు అమ్మడానికి కావలసిన ఫారం 20, 21 లైసెన్సులు వస్తాయి. 2017 సవరణ తర్వాత రెన్యువల్ లేదు, లైసెన్సు నిలబెట్టుకోవడానికి ఐదేళ్లకోసారి రిటెన్షన్ ఫీజు కట్టాలి. ఇన్సులిన్‌కి 2–8 డిగ్రీల ఫ్రిజ్ తప్పదు. తనిఖీ అయ్యి లైసెన్సు చేతికి వచ్చేదాకా అద్దె నడుస్తూనే ఉంటుంది, అందుకే అద్దె లైసెన్సు వచ్చిన నెల నుంచి మొదలయ్యేలా అగ్రిమెంట్లోనే రాయించుకోండి.

ఫార్మసీ కౌన్సిల్‌లో ఫార్మసిస్టుగా రిజిస్ట్రేషన్ రాగానే మరో ఆశ తగులుతుంది: "సర్టిఫికెట్ ఇవ్వండి చాలు, నెలనెలా డబ్బు పంపిస్తాం, మీరు రానక్కర్లేదు." ఒప్పుకోవద్దు. చీటీ మీద అమ్మే మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలని నిబంధన. మీరు లేని షాపులో ఎవరో ఇచ్చిన మందుకి జవాబు మీరు చెప్పాలి. రేపు సొంత షాపుకి వెళ్లాలంటే ముందు అక్కడ పేరు తీయించుకోవాలి.

ర్యాక్ పని నచ్చి, బేరాలూ అరువులూ నచ్చకపోతే పాశమైలారం, పరవాడ లాంటి చోట్ల మందుల ప్లాంట్లలో క్యూఏ (నాణ్యత చూసే విభాగం) మీకు సరిపోతుంది. అక్కడ ప్రతి బ్యాచ్ తయారీ వివరాలు రాసే రికార్డులో ఒక్క ఖాళీ గడి వదలని మనిషికే విలువ. మనుషులే నచ్చి రాతపని పడకపోతే మెడికల్ రెప్. హోల్‌సేల్‌కి మాత్రం తొందరపడొద్దు, అందులో మీ డబ్బు షాపుల దగ్గర అరువుగా తిరుగుతుంటుంది.

షాపే అని తేలితే మొదటి సరుకు విషయంలో చెయ్యి బిగబట్టండి. చుట్టుపక్కల డాక్టర్ల చీటీలు ఓ యాభై చూసి, పదేపదే వచ్చే బ్రాండ్లు రాసుకోండి. నెమ్మదిగా కదిలేవి పెట్టెలకి పెట్టెలు కాదు, రెండేసి స్ట్రిప్పులు చాలు. అయిపోతే ఫోన్ చేస్తే డిస్ట్రిబ్యూటర్ మర్నాటికి పంపిస్తాడు.