మొహానికి మట్టి – 3వ పాఠం: చెమ్మ ఉండగానే కడగాలి

పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? చిటికెడు ముల్తానీ మట్టిని నీళ్లతో తడిపి, మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత పూసి, కడిగేశాక రెండు రోజులు ఆ చోటు గమనించమన్నాను. ఎర్రబడకపోతే, దురద రాకపోతే ఈ పాఠంలోకి రండి. చేయనివాళ్లు ముందు అది చేయండి. ఆ పరీక్ష దాటకుండా మొహం దాకా వెళ్లొద్దని మా తిరుపతి కొర్లగుంటలో నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు కూడా గట్టిగానే చెబుతాను.

ఈసారి కలపడం, పూయడం, కడగడం నేర్చుకుందాం. మొదటి రెండూ ఒక్క పూటలో వచ్చేస్తాయి. చాలామంది చర్మం పాడుచేసుకునేది మూడోదాని దగ్గరే, అందుకే ఎక్కువసేపు అక్కడే ఆగుతాను.

నేనూ అక్కడే దెబ్బతిన్నాను. మా పిన్ని కూతురి పెళ్లి తిరుచానూరులో, మే నెల చివర్లో. ముందురోజు మధ్యాహ్నం మట్టి పూసుకుని ఫ్యాన్ కింద పడుకున్నాను. ప్యాకెట్ మీద 20 నిమిషాలని రాసి ఉంది. మా ఇంట్లో ఆ ఎండకి, ఆ గాలికి అది ఏడెనిమిది నిమిషాల్లోనే ఎండిపోయింది. మిగతా టైమంతా అది నా బుగ్గల్ని పట్టి లాగుతూనే ఉంది. లాగుతోందంటే బాగా పనిచేస్తోందనుకున్నాను. లేచి అద్దంలో చూసుకుంటే పెదవుల పక్కన బీటలు. ఆ ఎండిన మట్టిని గోళ్లతో గీకి తీశాను. పెళ్లిలో మొహానికి ఏది రాసినా మంట. మూడు రోజులకు గానీ తగ్గలేదు.

కలపడం

గాజు గిన్నె, పింగాణీ గిన్నె, ఏదైనా సరే. స్టీలు తగిలితే మట్టి శక్తి పోతుందంటారు గానీ, ఐదు నిమిషాల్లో స్టీలు గిన్నె మట్టిని ఏమీ చేయదు. గిన్నెలో ముందు నీళ్లు పోయండి, రెండు టీస్పూన్లు. ఆ నీళ్ల మీద రెండు టీస్పూన్ల పొడి చల్లండి. పొడి మీద నీళ్లు పోస్తే పైన తడిసి లోపల ఉండలు కడుతుంది. నీళ్ల మీద పొడి చల్లితే దానంతట అదే దిగి నానుతుంది. చల్లేటప్పుడు చేయి గిన్నెకు దగ్గరగా పెట్టండి, ఫ్యాన్ ఆపేయండి. ఈ పొడి చాలా సన్నం, గాల్లోకి లేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ ఒక్క పని ఇంట్లో వేరేవాళ్లతో చేయించుకోండి.

ఇక ఐదు నిమిషాలు దాన్ని ముట్టుకోవద్దు. పలమనేరు వైపు మట్టిబొమ్మలు చేసేవాళ్లను ఎప్పుడైనా చూశారా? మట్టి నానందే పని మొదలుపెట్టరు. మన గిన్నెలోదీ అంతే. ముల్తానీ మట్టి కణం లోపల అప్పడాల దొంతరలా పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరల మధ్యకు నీళ్లు దూరి మట్టి ఉబ్బుతుంది. తొందరపడి గిలకొడితే సగం కణాలు పొడిగానే ఉండిపోయి, తర్వాత మొహం మీద ఇసుకలా గరగరలాడతాయి.

నానాక చెంచాతో తిప్పండి. సంగటిలా ముద్దగా ఉండకూడదు, అంబలిలా జారకూడదు. ఇడ్లీ పిండిలా ఉండాలి. చెంచా ఎత్తి వంచితే నిదానంగా, ఒక ముద్దగా జారిపడాలి. గట్టిగా ఉంటే అర చెంచా నీళ్లు, పలుచగా ఉంటే చిటికెడు పొడి. కంపెనీని బట్టి పొడి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి కొలత కన్నా ఈ చెంచా పరీక్షనే నమ్మండి. తెల్లటి కయోలిన్ మట్టి కొన్నవాళ్లు నీళ్లు తగ్గించి మొదలుపెట్టండి. దాని పొరలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి, మధ్యకు నీళ్లు పోవు, ఉబ్బదు. జిడ్డును కూడా అంత గట్టిగా లాగదు. అందుకే పొడి చర్మం వాళ్లకు అది మేలని పోయినసారి చెప్పాను.

మా వీధిలో ఒక అవ్వ అడిగింది: "ఏమ్మే, ఇంట్లో తిరుమణి ముద్దలున్నాయి, అదీ తెల్లమట్టే కదా, వాడుకోకూడదా?" మంచి ప్రశ్న. తిరుమణి నుదుట నామం పెట్టుకోవడానికి చేసింది. అంగట్లో దొరికే ముద్దలో ఇంకా ఏం కలిసిందో దాని మీద రాసి ఉండదు. మొహమంతా పూసి పదినిమిషాలు ఉంచడానికి కాదది. నాగుల చవితికి చెవులకు పెట్టుకునే పుట్టమన్ను కూడా అంతే, ఆ మాత్రం తాకితే ఏమీ కాదు. కానీ పుట్ట దగ్గరో చెరువు గట్టునో తవ్విన మట్టిని మొహానికి పూయొద్దు. పచ్చి మట్టిలో ధనుర్వాతం తెచ్చే క్రిమి కూడా ఉండొచ్చు, మొటిమ పగిలిన చోట అది చేరితే చిన్న విషయం కాదు. మొహానికి అని రాసి అమ్మే ప్యాకెట్టే తీసుకోండి.

ఏం కలపాలి? ఈ పాఠానికి ఒట్టి నీళ్లే. తాగే నీళ్లు వాడండి, మా వీధిలో వచ్చేలాంటి ఉప్పు బోరునీళ్లు వద్దు. నిమ్మరసం మాత్రం ఎప్పుడూ కలపకండి. అది చర్మానికి మరీ పులుపు, పైగా నిమ్మలో ఉండే ఒక పదార్థం చర్మం మీద మిగిలి ఎండ తగిలితే బొబ్బలు, నల్లమచ్చలు తెస్తుంది. తిరుపతి ఎండ సంగతి మీకు నేను చెప్పాలా! వంటసోడా కూడా వద్దు, అది క్షారం. మన చర్మం సహజంగా కొంచెం ఆమ్లం వైపే ఉంటుంది. పెరుగు, పసుపు గురించి తర్వాతి పాఠాల్లో చూద్దాం.

పూయడం

మొహం మామూలుగా కడుక్కుని, మెత్తగా అద్ది, కొంచెం తడి ఉండగానే పూయండి. ముందు ముక్కు, నుదురు, గడ్డం. బుగ్గలు చివర్న. జిడ్డు ఎక్కువున్న చోట మట్టి కాస్త ఎక్కువసేపు ఉండాలి, బుగ్గల మీద తక్కువ. ఈ వరసలో పూస్తే ఆ తేడా దానంతట అదే వస్తుంది. పూత దోసె మందాన, కింద చర్మం కనిపించకుండా ఉండాలి. మరీ పలుచగా పూస్తే మట్టి ఆదా అవుతుంది గానీ చూస్తుండగానే ఎండిపోతుంది.

కళ్ల చుట్టూ రెండు వేళ్ల వెడల్పు వదలండి. పెదవులు, కనుబొమ్మలు, పగిలిన మొటిమలు, గీరుకున్న చోట్లు కూడా వదిలేయండి. గడ్డం గీసుకున్న రోజు, త్రెడింగ్ చేయించుకున్న రోజు అసలు పూయొద్దు. మొటిమలకు డాక్టరు రాసిచ్చిన క్రీము వాడుతుంటే ఆయన్ని అడిగాకే మొదలుపెట్టండి.

కడగడం

"అక్కా, ఎండితేనే కదా లోపలి మురికంతా లాగేది?" అని పోయిన వారం డిగ్రీ చదివే ఒక అమ్మాయి అడిగింది. అందరి మనసులో ఉండేది ఇదే. లేదమ్మా, మట్టి పనిచేసేది తడిగా ఉన్నప్పుడే. తడి మట్టి చర్మం పైన ఉన్న జిడ్డును, చెమటను, దుమ్మును తనకు అంటించుకుంటుంది. గొర్రె ఉన్నిలో జిడ్డు వదిలించడానికి వెనకటికి వాడిందీ ఈ జాతి మట్టినే. పూతలో నీళ్లు తగ్గేకొద్దీ అది బిగుస్తుంది. మొత్తం ఆరిపోయాక లాగడానికి ఇంకేమీ లేక మన చర్మం పైపొరలో ఉన్న తడినే పీల్చడం మొదలుపెడుతుంది. ఆ బిగుతు, ఆ మంట దానివే. ఒంట్లోని విషాలు బయటకు లాగుతుందని ప్యాకెట్ల మీద రాస్తారు. ఆ పని చేసేది మన కాలేయం, మూత్రపిండాలు. మట్టికి చేతనయ్యేది పైపై జిడ్డు తీయడమే. అది చాలు మనకి.

మరి ఎప్పుడు కడగాలి? ఇక్కడ గడియారం పక్కన పెట్టండి. రోహిణి కార్తెలో మా మిద్దె మీద ఐదారు నిమిషాల్లో ఎండే పూత, కార్తీకంలో ముసురు పట్టినప్పుడు పావుగంటకి కూడా తడిగానే ఉంటుంది. రెండింటికీ ఒకే టైము ఎలా చెబుతాను? అందుకే మట్టినే చూడమంటాను. దానికి మూడు దశలు: తడి, చెమ్మ, పొడి.

తడి దశలో పూత ముదురు రంగులో, మెరుస్తూ ఉంటుంది. వేలు పెడితే మట్టి వేలికి అంటుతుంది. కొంతసేపటికి ఆ మెరుపు పోతుంది. దవడ అంచున, ముక్కు పక్కన, వెంట్రుకల మొదట్లో సన్నటి గీతలా రంగు తేలిపోతుంది. అంచున పూత పలుచగా ఉంటుంది కాబట్టి ఎండడం అక్కడ మొదలవుతుంది. నడి బుగ్గ మాత్రం ఇంకా ముదురుగానే ఉంటుంది. అక్కడ వేలు ఆనిస్తే మట్టి అంటదు, కానీ చల్లగా తగులుతుంది. ఇదే చెమ్మ దశ. అంచుల్లో తేలిన రంగు లోపలికి ఒక వేలి వెడల్పున పాకిందంటే లేచి కడిగేయండి.

అద్దం దగ్గర లేకపోతే చల్లదనాన్ని నమ్ముకోండి. మట్టికుండ నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కుండలోంచి చెమ్మ బయటకు వచ్చి గాల్లో కలిసిపోతూ వేడిని పట్టుకుపోతుంది. మొహం మీద పూత చేసేదీ అదే. పూత చల్లగా ఉన్నంతసేపు అందులో నీళ్లున్నట్టు. చల్లదనం తగ్గి, నవ్వితే బుగ్గ పట్టేసినట్టు అనిపించిందా? ఆలస్యమైపోయింది, వెంటనే లేవండి. మధ్యలో ఫోనొచ్చో, పాలు పొంగో కడగడం కుదరకపోతే తడిచేత్తో పూత మీద అద్దుతూ ఉండండి, ఇంకో రెండు నిమిషాలు ఆగుతుంది.

కడిగేటప్పుడు రుద్దొద్దు. రెండు చేతులతో నీళ్లు తీసుకుని మొహానికి అద్ది ఒక నిమిషం ఆగండి. మట్టి మళ్లీ నాని జారుతుంది. అప్పుడు వేళ్ల కొసలతో, నలుగు పెట్టినట్టు కాకుండా, పసిబిడ్డ మొహం కడిగినట్టు కడగండి. బుగ్గల మీద ముందు, ముక్కు మీద చివర్న. దవడ కింద, చెవుల ముందు మిగిలిపోతుంది, అక్కడ తడిపిన పాత నూలు చీర ముక్కతో తుడవండి. నీళ్లు చల్లనివో గోరువెచ్చనివో చాలు. ఆ మట్టినీళ్లను సింకులో పోయొద్దు, గొట్టంలో అడుగున పేరుకుపోతుంది. బకెట్లో పట్టి మొక్కలకు పోయండి.

మొహం ఇంకా తడిగా ఉండగానే మీరు రోజూ వాడే మాయిశ్చరైజర్ రాయండి. కొంచెం గులాబీ రంగు తేలి అరగంటలో పోతే పర్వాలేదు. మంట, వాపు, దద్దుర్లు వస్తే చల్లటి నీళ్లతో కడిగి ఆ మట్టిని ఇక ముట్టుకోవద్దు, తగ్గకపోతే చర్మం డాక్టరుకు చూపించండి. ఇదంతా రాత్రిపూట పెట్టుకుంటే మంచిది, కడిగిన వెంటనే ఎండలోకి వెళ్లే పని ఉండదు. గిన్నెలో మిగిలిన తడి మట్టిని రేపటికి దాచొద్దు, క్రిములు చేరతాయి. పొడి మాత్రం మూత గట్టిగా బిగిసే గాజు సీసాలో ఉంటే చాలాకాలం బాగుంటుంది.

ఈ వారం పని

మొహం జోలికి వెళ్లకముందు ముంజేతి మీద మూడు పట్టీలు పూయండి. ఒకటి పలుచగా, ఒకటి దోసె మందాన, ఒకటి అంతకన్నా మందంగా. ఒకసారి ఫ్యాన్ వేసి, ఇంకోసారి ఆపి. ఒక్కో పట్టీ ఎప్పుడు మెరుపు పోగొట్టుకుంది, అంచు ఎప్పుడు తేలింది, చల్లదనం ఎప్పుడు తగ్గింది, కాగితం మీద రాసుకోండి. మీ ఇంట్లో, మీ గాలికి, మీ మట్టి ఎంతసేపు చెమ్మగా ఉంటుందో ఆ కాగితమే చెబుతుంది. ఆ తర్వాత ఒక్కసారి మొహానికి పూసి చూడండి. జిడ్డు చర్మమైతే వారానికి ఒకసారి, పొడి చర్మమైతే రెండు మూడు వారాలకు ఒకసారి మించొద్దు.

ఆ కాగితం దాచిపెట్టండి. 4వ పాఠంలో ముక్కుకు ముల్తానీ, బుగ్గలకు కయోలిన్ ఒకేసారి పూస్తాం. ఏది ముందు కడగాలో దాన్ని చూసే తేల్చుకోవాలి.