‘పై’ (pie) తయారీ – 3వ పాఠం: క్రస్ట్ తేలిగ్గా రావాలంటే

‘పై’ అంటే పిండి పొరలో పండ్లలాంటివి నింపి ఓవెన్‌లో కాల్చే వంటకం, ఆ పిండి పొరే క్రస్ట్. గత పాఠంలో కప్పుల కొలతలు మానేసి తూకం వేయడం నేర్చుకున్నాం. ఆ త్రాసు ఇవాళా దగ్గర పెట్టుకోండి. 23 సెంటీమీటర్ల పళ్లేనికి అడుగు పొర చేయాలంటే మైదా 150 గ్రాములు, ఉప్పు లేని వెన్న 100, ఐస్ నీళ్లు 50, అర చెంచా ఉప్పు. మూడు, రెండు, ఒకటి అని గుర్తుంటే చాలు.

తేలిక అనగానే చాలామంది ముందు వెన్నకి కోత పెడతారు. పని చెడేది అక్కడే. మైదాకి నీళ్లు తగిలి, పైగా పిసికితే గ్లూటెన్, అంటే పిండిని సాగేలా చేసే ప్రొటీన్ జిగురు, అల్లుకుంటుంది. పిండి సాగుతుంది, కాలాక గట్టిపడుతుంది. వెన్న పిండి రేణువులకి పట్టి ఆ నీళ్లకి అడ్డం పడుతుంది. వెన్న తగ్గితే ముద్ద కట్టడానికి నీళ్లు ఎక్కువ పోయాల్సి వస్తుంది, ఇక ఆ క్రస్ట్ కొరికితే తెగదు. కొవ్వు తక్కువ తినాలనుకుంటే వెన్న జోలికి పోకుండా, ఫిల్లింగ్ మీద మూతలా వేసే రెండో పిండి పొర మానేయండి. అడుగు పొర ఒక్కటే పలచగా ఒత్తుకుంటే కొవ్వు దాదాపు సగానికి తగ్గిపోతుంది.

వెన్న ఫ్రిజ్‌లోంచి తీసీ తీయగానే చిన్న ముక్కలు కోయండి. సగం ముక్కలు మైదాలో వేసి ముతక రవ్వలా అయ్యేదాకా వేళ్ల కొనలతో రుద్దండి. అరచేయి తగలనివ్వొద్దు, ఆ వేడికే వెన్న కరగడం మొదలవుతుంది. మిగతా సగాన్ని మైదాలో దొర్లించి, ఒక్కో ముక్కనీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి నొక్కి, రేకులా చేసి వదిలేయండి. రుద్దిన వెన్న క్రస్ట్‌ని గుల్లగా చేస్తుంది. రేకులు పొరలిస్తాయి. వెన్నలో కొవ్వు 80 శాతం దాకా ఉంటే, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీళ్లే. ఓవెన్‌లో రేకు కరిగి, ఆ నీళ్లు ఆవిరై, మీదున్న పిండిని పైకి లేపుతాయి.

ఇక నీళ్లు. చెంచా చెంచా చల్లుతూ ఫోర్క్‌తో కలపండి. 50 గ్రాములూ పోసి తీరాలని రూలేం లేదు. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, అంచులు మాత్రం పగులుతూ ఉండాలి. చూడ్డానికి ‘ఇది కలవలేదే’ అనిపిస్తుంది. టెన్షన్ పడి ఇంకాస్త పోయకండి. నున్నటి ముద్ద వచ్చిందంటే నీళ్లు ఎక్కువైనట్టే. కొందరు నీళ్లలో కొంత తగ్గించి వోడ్కా పోస్తారు. ఆల్కహాల్‌తో గ్లూటెన్ ఏర్పడదు కాబట్టి అది పనిచేసే చిట్కాయే. నీళ్లు చేతికి అలవాటైతే దాంతో పనుండదు.

ముద్దని బిళ్లలా అదిమి, చుట్టి, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. తర్వాత అప్పడాల కర్రతో మధ్యనుంచి అంచులకి, పిండిని తిప్పుకుంటూ 3 మిల్లీమీటర్ల మందాన ఒత్తండి. పళ్లెంలో పరిచేటప్పుడు లాగొద్దు, వదులుగా దింపి మూలల్లోకి నెమ్మదిగా అదమండి. మళ్లీ అరగంట ఫ్రిజ్.

ఓవెన్‌ని 200 డిగ్రీల సెల్సియస్‌కి వేడి చేయండి, లోపల ఖాళీ ట్రే కూడా ఉంచి. క్రస్ట్ మీద బేకింగ్ పేపర్ పరిచి, ఎండు చిక్కుడు గింజలు నింపి, పళ్లేన్ని ఆ వేడి ట్రే మీద పెట్టి 20 నిమిషాలు కాల్చండి. పేపరూ గింజలూ తీసేసి, అడుగు బంగారు రంగుకి తిరిగేదాకా ఇంకో పది నిమిషాలు. తెల్లగా ఉండగానే తీసేస్తే లోపల తడి మిగిలి బరువుగా ఉంటుంది.

ఈసారి ఫిల్లింగ్ వేయకండి. చల్లారాక అంచు విరిచి, విరిగిన చోట చూడండి. పొరల మధ్య సన్నటి సందులుంటే వచ్చే పాఠానికి, అంటే రసం కారే పండ్లతో అడుగు నానిపోకుండా నింపడానికి, వెళ్లొచ్చు. సందుల్లేకుండా బిస్కెట్‌లా పొడిపొడిగా విరిగితే వెన్న మొత్తం పిండిలో కలిసిపోయింది. పళ్లెం గోడల నుంచి కిందికి జారిందా, పిండిని లాగారు, లేదా ఫ్రిజ్‌లో ఉంచలేదు. విరవబోతే సాగిందంటే మాత్రం నీళ్ల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.