రాత్రుళ్లు కుక్కపిల్ల ఇంట్లోనే పాస్ పోస్తోందా? బెంగళూరు అపార్ట్‌మెంట్ల వాళ్లకి

సమస్య: అర్ధరాత్రి దాటాక తడిపేస్తోంది.
కారణం చాలాసార్లు వయసే. నెలల వయసుకి ఒకటి కలిపితే ఎన్ని వస్తాయో అన్ని గంటలు ఆగగలదని ఓ కాకిలెక్క. అంటే రెండు నెలల పిల్లకి మూడు గంటలు. షిట్జూ లాంటి చిన్న జాతికి ఇంకా తక్కువ. తిట్టి లాభం లేదు. అది ఏడవకముందే లేచేలా మీరే అలారం పెట్టుకోండి. కొన్నాళ్లు వరసగా తడపకపోతే, అలారం పావుగంట ఆలస్యంగా మార్చండి. 4-6 నెలలకి చాలా పిల్లలు తెల్లారేదాకా ఆగుతాయి.

సాయంత్రం నుంచే నీళ్లు బంద్ చేసేవాళ్లున్నారు. ఏప్రిల్ ఎండల్లో అది అన్యాయం. పడుకోడానికి గంటన్నర ముందు నీళ్ల గిన్నె తీస్తే చాలు. రాత్రి తిండి ఏడింటికల్లా అయిపోవాలి. మనింట్లో మిగిలిన పెరుగన్నం మాత్రం వద్దు, అందులో ఎక్కువ భాగం నీళ్లే.

సమస్య: లిఫ్ట్‌లోనే పోసేస్తోంది.
మారతహళ్లిలో ఎనిమిదో అంతస్తు నుంచి దిగేదాకా నిద్రలేచిన పిల్ల ఆగుతుందా? నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగిందంటే ఇక టైమ్ లేనట్టే. ఎత్తుకుని బాల్కనీకి వెళ్లండి. అక్కడ ట్రేలో గడ్డిగానీ పాత పేపర్లుగానీ పరవండి. గ్రిల్ సందుల్లోంచి దూరకుండా చూసుకోండి. టీకాలు పూర్తి కాకుండా వీధికుక్కలు తిరిగే చోట దించితే పార్వో అనే ప్రమాదకరమైన వైరస్ జబ్బు భయం కూడా.

సమస్య: ప్రతిసారీ అదే మూల.
ఫినాయిల్‌తో తుడిస్తే వాసన పోయిందని మనకి అనిపిస్తుంది, దాని ముక్కుకి కాదు. పైగా కొన్ని ఫినాయిళ్లు కుక్కలకి హాని. మూత్రం వాసనని మూలంతో సహా పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ పోసి, సీసా మీద రాసినంతసేపు నాననివ్వండి.

సమస్య: లేపితే పాస్ పోయకుండా ఆడుకుంటోంది.
లైట్లన్నీ వేసి "బంగారం, లేచావా" అంటే ఆడుకోక ఏం చేస్తుంది? చీకట్లోనే తీసుకెళ్లండి, మాట్లాడకండి. పోయగానే ఒక్క గింజ ట్రీట్, వెంటనే పక్క మీదకి.

సమస్య: అలవాటైన పిల్ల మళ్లీ మొదలుపెట్టింది.
చుక్కలు చుక్కలుగా, పదేపదే పోస్తున్నా, రక్తం కనిపించినా, ఎక్కువగా నాక్కుంటున్నా మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు. మొదటి నుంచీ నిద్రలో తెలియకుండా కారిపోతూనే ఉంటే, ముఖ్యంగా ఆడ కుక్కపిల్లల్లో, పుట్టుకతో వచ్చిన లోపం ఉండొచ్చు. ఇవి ట్రైనింగ్‌తో పోయేవి కావు. పొద్దున్నే మొదటి పాస్ శుభ్రమైన డబ్బాలో పట్టుకుని వెట్ దగ్గరికి వెళ్లండి. హెబ్బాళ్‌ వెటర్నరీ కాలేజీలోనూ చూపించుకోవచ్చు.