మృతదేహానికి ఎంబామింగ్, దాని సర్టిఫికెట్: గోదావరి జిల్లాల్లో ఎక్కడ, ఎలా దరఖాస్తు పెట్టాలి

ఎంబామింగ్ అంటే దేహం కుళ్లకుండా రక్తనాళాల్లోకి మందు ఎక్కించి నిలవ చేయడం. ముందు అది అసలు అవసరమో కాదో తేల్చుకోండి. కొడుకు హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కి పొద్దున్నకల్లా దిగిపోతాడంటే ఎంబామింగ్ అక్కర్లేదు. అద్దె ఫ్రీజర్ బాక్స్ చాలు, కరెంటు పోతే జనరేటర్ ఉందో లేదో చూసుకోండి. అమెరికా నుంచి కూతురు రావాలి, రెండు మూడు రోజులు పడుతుందన్నా ఆసుపత్రి మార్చురీలో కోల్డ్ స్టోరేజీ ఖాళీగా ఉంటే గడిచిపోతుంది. కానీ మృతదేహం విమానం ఎక్కాలంటే మాత్రం ఎంబామింగ్ తప్పదు. భీమవరం వైపు రొయ్యల ప్లాంటులో పనికొచ్చిన బెంగాల్ కుర్రాడు ఇక్కడ పోయినా, సంక్రాంతికి ఊరొచ్చిన ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి) పెద్దాయన పోయి పిల్లలు అక్కడికే పంపమన్నా, ఎయిర్‌లైన్స్ కార్గో వాళ్లు ముందు అడిగే కాగితాల్లో ఎంబామింగ్ సర్టిఫికెట్ ఒకటి.

ఈ పని చేసేది ఎక్కువగా మెడికల్ కాలేజీల అనాటమీ విభాగం, కొన్ని చోట్ల ఫోరెన్సిక్ విభాగం. విద్యార్థుల చదువు కోసం దానంగా వచ్చిన దేహాలను వాళ్లు ఎలాగూ ఇదే పద్ధతిలో నిలవ చేస్తారు కాబట్టి మందులూ మనుషులూ అక్కడే ఉంటారు. మన వైపు కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీ, రాజమహేంద్రవరంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ, రాజానగరంలో జీఎస్ఎల్, అమలాపురంలో కిమ్స్, ఏలూరులో ఆశ్రం ఉన్నాయి. బయటి కేసులు అన్ని కాలేజీలూ అన్ని వేళలా తీసుకోవు, అందుకే అంబులెన్స్ ఎక్కించకముందే ఫోన్ చేసి అడగండి. రాత్రిపూట, ఆదివారం అయితే మరీను. మనిషిని తీసుకెళ్లి గేటు దగ్గర నిలబడటం కంటే ఇంటి దగ్గర ఐస్ మీద ఉంచి గంట సేపు ఫోన్లు చేసుకోవడం నయం.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇప్పుడే చెప్పేస్తాను: ఎంబామింగ్‌లో వాడే మందు, ఫార్మలిన్, ఒకసారి ఒంట్లోకి ఎక్కాక వెనక్కి తీసే దారి లేదు. పోలీసులు, పోస్ట్‌మార్టం, ముఖం సరిచేయడం, నగలు తీయడం, ఏ పనైనా దానికి ముందే అయిపోవాలి. కాగితాల వరస కూడా అందుకే అలా పెట్టారు.

పొలంలో పాము కరిచినా, చెరువు దగ్గర ఏరేటర్ వైరు తగిలి షాక్ కొట్టినా, కాలవలో పడిపోయినా, 216 హైవే మీద బండి గుద్దేసినా, పురుగుమందు తాగినా అది ఎంఎల్‌సీ కేసే, అంటే పోలీసులకు చెప్పాల్సిన మెడికో లీగల్ కేసు. స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వాలి, వాళ్లొచ్చి శవ పంచనామా చేయాలి (ఇదివరకు సీఆర్‌పీసీ 174, 2024 జులై నుంచి బీఎన్ఎస్ఎస్ 194), పోస్ట్‌మార్టం అవ్వాలి, ఆ తరవాతే ఎంబామింగ్. బంధువులు ఎంత బతిమాలినా డాక్టర్లు ముందు చేయరు, చేయకూడదు కూడా. ఎంబామింగ్ ద్రవంలో మిథనాల్ అనే ఆల్కహాల్ ఉంటుంది, దాంతో ఒంట్లో దొరికిన ఆల్కహాల్ తాగిందో ఎక్కించిందో తెలియకుండా పోతుంది. ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ అయితే, సైనైడ్ లాంటి విషాల ఆనవాళ్లను చెరిపేస్తుంది. రేపు ఇన్సూరెన్స్ దగ్గరో కోర్టులోనో ఆ రిపోర్టే దిక్కు కదా. చీకటి పడితే పోస్ట్‌మార్టం చేయరన్న మాట ఇంకా చాలామంది అంటుంటారు గానీ, 2021 నవంబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆ నిబంధన సడలించింది. సదుపాయాలున్న ఆసుపత్రిలో రాత్రి కూడా చేయవచ్చు. హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన దేహం, అనుమానాస్పద మృతి లాంటివాటికి మాత్రం, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప, తెల్లారాల్సిందే.

సహజ మరణమైతే పని తేలిక. ఆసుపత్రిలో పోతే వాళ్లు మరణ కారణం రాసిన ఫారం 4 ఇస్తారు, ఇంట్లో పోతే వైద్యం చేసిన డాక్టరు ఫారం 4ఏ మీద మరణ కారణం రాసివ్వాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ గారి చీటీ చెల్లదు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరున్న డాక్టరు సంతకమే కావాలి. ఆ కాగితంతో స్టేషన్‌కి వెళ్లి, ఫలానా చోటికి మృతదేహాన్ని తరలిస్తున్నాం, అభ్యంతరం లేదని ఎన్‌ఓసీ రాయించుకోండి. రైటర్ గారు ఊళ్లో లేరు, రేపు రండి అంటే ఎస్‌ఐ గారిని కలవండి, ఈ పనికి రేపు అన్నది కుదరదు.

ఇక దరఖాస్తు. తెల్లకాగితం మీద ఉత్తరమే, కొన్ని కాలేజీల్లో వాళ్ల సొంత ఫారం ఉంటుంది. కాలేజీని బట్టి ప్రిన్సిపాల్ పేరునో ఆసుపత్రి సూపరింటెండెంట్ పేరునో, అనాటమీ విభాగాధిపతి ద్వారా అని రాయాలి. చనిపోయినవారి పూర్తి పేరు, వయసు, చనిపోయిన తేదీ, సమయం, చోటు, కారణం, మీరు వారికి ఏమవుతారు, దేహాన్ని ఎక్కడికి ఎలా తీసుకెళ్తున్నారు, ఎంబామింగ్‌కి మీ సమ్మతి, ఇంతే. మరణ కారణ పత్రం, పోలీసు ఎన్‌ఓసీ, చనిపోయినవారి ఆధార్ లేదా పాస్‌పోర్టు, మీ ఆధార్, ఎంఎల్‌సీ అయితే పంచనామా, పోస్ట్‌మార్టం కాగితాలు జత చేయండి. జిరాక్సులు బాగా ఎక్కువ తీయించండి, ప్రతి బల్ల దగ్గరా ఒక సెట్టు ఉంచేసుకుంటారు. ఫీజు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, ఎంతైనా రసీదు తీసుకోండి.

పేరు దగ్గరే అందరూ ఇరుక్కునేది. పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలో ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది, ఆసుపత్రి కేసు షీట్‌లో కాంపౌండర్ “లక్ష్మి, 62” అని రాసి ఊరుకుంటాడు. ఆడవాళ్లకైతే ఒక కాగితంలో పుట్టింటి ఇంటిపేరు, ఇంకోదాంట్లో అత్తింటిది. విమానం ఎక్కే కేసుల్లో పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే అన్నిటిలోనూ ఉండేలా ఫారం 4 దశలోనే పట్టుబట్టండి. చివర్లో కార్గో కౌంటర్ దగ్గర దిద్దించడం నరకం.

దరఖాస్తులో ఎవరూ అడక్కపోయినా చెప్పాల్సినవి రోగాలు. కామెర్లు ఉంటే తప్పకుండా చెప్పండి, ఎందుకంటే మామూలు ఫార్మలిన్ పసుపు బిలిరుబిన్‌ను ఆకుపచ్చ బిలివర్డిన్‌గా మార్చేస్తుంది, ముఖం ఆకుపచ్చగా తిరిగిపోతుంది. కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నవారి ఒంట్లో పేరుకున్న యూరియా, అమ్మోనియా ఫార్మాల్డిహైడ్‌ను నిర్వీర్యం చేస్తాయి, మందు గాఢత పెంచాలి. షుగరు ముదిరితే కాళ్ల చివరిదాకా ద్రవం సరిగా పారదు, అక్కడ విడిగా ఎక్కించాల్సి రావచ్చు. టీబీ, హెచ్‌ఐవీ, హెపటైటిస్ ఉంటే పరువు పోతుందని దాచొద్దు, ఆ పని చేసే సిబ్బంది ప్రాణాలతో ముడిపడిన విషయం అది.

లోపల జరిగేది ఇదీ. గజ్జల దగ్గరో మెడ దగ్గరో ధమనిని తెరిచి పంపుతోనో పైనుంచి ధారగానో ద్రవం ఎక్కిస్తారు, పెద్దవాళ్లకి దాదాపు 8 నుంచి 10 లీటర్లు. అందులో ముఖ్యమైనది ఫార్మలిన్, అంటే 37 శాతం దాకా ఫార్మాల్డిహైడ్ కరిగిన నీళ్లు. తోడుగా స్పిరిట్, చర్మం ఎండిపోకుండా గ్లిజరిన్, సూక్ష్మజీవులకు ఫినాల్, కాస్త రంగు రావడానికి ఇయోసిన్ లాంటివి కలుపుతారు. ఫార్మాల్డిహైడ్ ఒంట్లోని ప్రొటీన్లను ఒకదానితో ఒకటి ముడేసేస్తుంది, ఉడికిన గుడ్డులో తెల్లసొన బిగిసినట్టు కండ బిగుస్తుంది, బాక్టీరియాకి తినడానికి ఏమీ మిగలదు. కుళ్లు మొదలయ్యేది పేగుల్లోంచే కాబట్టి పొట్టలోకీ ఛాతీలోకీ పొడవాటి బోలు సూదితో విడిగా మందు వదులుతారు. మన ఎండాకాలంలో 12–18 గంటల్లోనే పొట్ట కింద కుడివైపు ఆకుపచ్చ మచ్చ కనపడుతుంది, ఆ ఉక్కలో ఆలస్యం చేస్తే ఫలితం అంతంత మాత్రమే. కాలవలోంచి రెండో రోజు తీసిన దేహం విషయంలో ఎవరూ గ్యారంటీ ఇవ్వరు. పోస్ట్‌మార్టం అయిన దేహంలో రక్తనాళాలు తెగి ఉంటాయి కనుక తలకి, రెండు చేతులకి, రెండు కాళ్లకి వేరువేరుగా ఎక్కించాలి, టైం ఎక్కువ పడుతుంది.

ముఖం సంగతి. అమెరికాలో దెబ్బతిన్న ముఖాన్ని మైనంతో, కుట్లతో, రంగులతో మునుపటిలా తీర్చిదిద్దడం అంత్యక్రియల కోర్సుల్లో ఒక సబ్జెక్టు, దానికి లైసెన్సులూ ఉన్నాయి. మన అనాటమీ విభాగం నుంచి అంత ఆశించకండి, ప్రమాదంలో నలిగిన ముఖానికి శుభ్రం చేసి నీటుగా కుట్లు వేసి గుడ్డ చుట్టి ఇస్తారు. కానీ కొన్ని మాత్రం అడిగి చేయించుకోవచ్చు, అదీ మందు ఎక్కించకముందే: కళ్లు, నోరు మూయించడం, గెడ్డం గీయించడం, చేతులు పెట్టెలో పట్టేలా సర్దడం. బిగుసుకున్నాక నోరు తెరిచి ఉంటే తెరిచే ఉంటుంది. తాళి, గాజులు, ఉంగరాలు, మెట్టెలు ముందే తీసుకుని రాయించుకోండి. మామూలుగా ఉన్నప్పటి ఫొటో ఒకటి ఇస్తే చేసేవాళ్లకీ తేలిక.

సర్టిఫికెట్ చేతికొచ్చాక అక్కడే నిలబడి చదవండి. పేరు, వయసు, మరణించిన తేదీ, ఎంబామింగ్ చేసిన తేదీ, సమయం, అంటువ్యాధి లేదన్న వాక్యం, డాక్టరు సంతకం, ముద్ర అన్నీ ఉండాలి. తరవాత గాలి చొరబడని పెట్టె, అందులో దేహం తప్ప ఇంకేమీ లేదని తయారీదారు ఇచ్చే కాగితం. మధురపూడి (రాజమహేంద్రవరం విమానాశ్రయం) నుంచి ఎగిరే చిన్న విమానాల్లో పెట్టె పడుతుందో లేదో కార్గోలో ముందే కనుక్కోండి, కుదరకపోతే గన్నవరమో విశాఖో వెళ్లాలి. చార్జీ బరువు లెక్కన ఉంటుంది. అమెరికా పౌరులైతే హైదరాబాద్‌లోని వాళ్ల కాన్సులేట్‌కి మొదటి రోజే చెప్పండి, వాళ్ల కాగితం లేకుండా దేహం కదలదు.

గల్ఫ్ నుంచి వచ్చే దేహాల సంగతి తిరగేసి చూడాలి, మన రాజోలు, మలికిపురం, నరసాపురం వైపు ఇదే ఎక్కువ. ఎంబామింగ్ అక్కడే అయిపోతుంది. అక్కడి మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ సర్టిఫికెట్, భారత రాయబార కార్యాలయం ఎన్‌ఓసీ, రద్దు చేసిన పాస్‌పోర్టు, ఈ నాలుగూ 2023 ఆగస్టులో వచ్చిన ఈ-కేర్ పోర్టల్‌లో పెడితే విమానాశ్రయ ఆరోగ్యాధికారి అనుమతిస్తారు. కంపెనీ ఖర్చు పెట్టకపోతే, ఇంట్లో స్తోమత లేకపోతే రాయబార కార్యాలయంలో ప్రవాసుల సంక్షేమ నిధి ఉంది, విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో అర్జీ పెట్టండి. విమానాశ్రయం నుంచి ఊరికి ఉచిత అంబులెన్స్ కోసం ఏపీఎన్ఆర్టీఎస్‌కి (ప్రవాసాంధ్రుల కోసం ఉన్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) విమానం నంబరు తెలిసిన వెంటనే చెప్పండి. ప్రమాదంలో పోయినవారు ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్లి ఉంటే ప్రవాసీ భారతీయ బీమా కింద 10 లక్షలు వస్తాయి, ఆ పాలసీ కాగితం ఇంట్లో వెతకండి.

ఇంటికొచ్చాక స్నానం చేయించాలని పెద్దవాళ్లు పట్టుబడతారు. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది, మూత తీయగానే కళ్లు మండేది దాని ఘాటుకే. ఆరుబయట తెరవండి, గ్లవ్స్ వేసుకోండి, పైన నీళ్లు చల్లి పసుపు రాసి ఊరుకోండి, పసిపిల్లల్ని, గర్భిణుల్ని దగ్గరికి రానివ్వొద్దు. దహనమైనా భూస్థాపనైనా దానికి ఇబ్బంది లేదు. గుండెకి పేస్‌మేకర్ ఉంటే మాత్రం దహనానికి ముందు తీయించాలి, మంటలో పేలుతుంది.

చావు మీద అనుమానం ఉంటే అంత్యక్రియలు ఆపి స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి మళ్లీ పోస్ట్‌మార్టం కోరండి. మందు ఎక్కిన దేహంలో విషాలు దొరకడం కష్టం గానీ ఎముకలు విరిగినవి, గాయాలు తెలుస్తాయి. ఇంకోటి, విదేశంలో జరిగిన మరణాన్ని మన సచివాలయంలో నమోదు చేయరు, ఎందుకంటే చనిపోయిన చోటే నమోదవ్వాలి. బ్యాంకుకి, ఎల్‌ఐసీకి చూపించడానికి అక్కడి ధ్రువపత్రం, రాయబార కార్యాలయం ఇచ్చిన మరణ నమోదు పత్రం రెండూ ఒరిజినల్స్ దాచుకోండి, కార్గో వాళ్లకి జిరాక్సులే ఇవ్వండి.